గడ్డ నడిచిన దారి

సింగారపు వాళ్ళలో ఎవరైనా ఉమ్మడి చెలకలో గుడిసె వేసుకోవాలంటే ముందు గడ్డ నడవాలి. గుడిసె నడిమి కర్ర, అదే నిట్టాడు, ఎక్కడ నిలబడుతుందో అక్కడ మట్టిగడ్డలు తవ్వి, పాలోళ్ళ, అంటే దాయాదుల, ఇళ్ళకు ఇంటికొకటి చొప్పున తీసుకెళ్ళాలి. ఆ ఇంటి పెద్ద గడ్డను రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుని తిరిగిస్తే సరేనన్నట్టు. చేతులు వెనక్కి కట్టుకుంటే వద్దన్నట్టు. నోటితో చెప్పే పని లేదు. నోరు కల్లు తాగిన పూట ఒకటి చెబుతుంది, తాగని పూట ఒకటి చెబుతుంది, చేతులట్లా కాదని వాళ్ళ తాతల లెక్క. అన్ని ఇళ్ళ గడ్డలూ చేరాక వాటిని గుంతలో వేసి, నిట్టాడు నిలబెట్టి, దిమ్మిసతో కొడతారు. వారసుడు లేకుండా మూతపడిన ఇంటికి గడ్డ బదులు ఒక పలుగురాయి వేస్తారు. ఇవేవీ లేకుండా వెనకటికొకడు నిట్టాడు పాతితే అది ఒరిగి వాడి నెత్తినే పడిందని, ఆ దెబ్బకు మెడ భుజాల్లోకి దిగబడి, చచ్చేదాకా వాడు రుమాలు భుజాలకే చుట్టుకుని తిరిగాడని పెద్దింటి పోశాలు చెబుతాడు. పోశాలు చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగం నమ్మితే ఆ ఊళ్ళో మర్యాదగా బతకొచ్చు.

నలభై ఎనిమిదో సంవత్సరం, రోహిణి కార్తె మొదలైన రోజు. జఫర్‌గఢ్ కోటగుట్ట కనిపించే ఆ ఊళ్ళో సింగారపు కనకయ్య తెల్లవారుతూనే లేచి ఒక గడ్డను పాత పంచెగుడ్డలో చుడుతున్నాడు. పెదనాన్న వరసైన పోశాలు అప్పటికే తన గడ్డ పట్టాడు. టేకుమట్లలో ఇల్లరికం ఉన్న సారయ్య దగ్గరికి పోను మూడు రోజులు, రాను మూడు రోజులు నడిచి అతని చేతా పట్టించుకొచ్చాడు. ఆ నడకకు కనకయ్య పాదాలు ఎంత వాచాయంటే, ఊరి మాదిగ వీరయ్య చెప్పులు కొలవడానికి వచ్చి, తోలు సరిపోదు, ఇంకో బర్రె చావాలి అన్నాడట. ఇక మిగిలింది బయ్యారంలో ఉన్న సాంసన్. అదీ మూడు రోజుల దారే, కానీ ఇంకో దిక్కు. మృగశిర కార్తెలో కురిసే మిరుగం వానలు రావడానికి పదిహేను రోజులుంది.

ఆ పదిహేను రోజుల్లో కనకయ్యకు ఒక కప్పు కావాలి. కామునిపున్నమి తర్వాత రజాకార్లు వచ్చి, దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ళకు బువ్వ పెట్టారని పదకొండు ఇళ్ళు తగలబెట్టినప్పుడు అతని ఇల్లు కూడా పోయింది. అప్పటినుంచి పెళ్ళాం రాములమ్మతో, మూడు నెలల బిడ్డతో వదిన బుచ్చమ్మ గొడ్ల కొట్టంలో ఉంటున్నాడు. ఆ కొట్టం పైకప్పు గొడ్లకే చాలదు. బిడ్డను పడుకోబెట్టి చూస్తే ఆకులకంటే ఆకాశమే ఎక్కువ కనిపిస్తుంది.

బుచ్చమ్మ గట్క కుండ దింపి, నాలుగు జొన్నరొట్టెలు, ఎర్రకారం ఒక గుడ్డలో కట్టింది. ఆమె కనకయ్య ఇంకో పెదనాన్న కొడుకు పెళ్ళాం. మొగుడు మల్లయ్య పోయి పన్నెండేళ్ళు; ఒంటరి ఆడమనిషి ఇంట్లో మరిది పడుకోకూడదనే వాళ్ళకు కొట్టం ఇచ్చింది. ఒక్కతే బిడ్డ, పెళ్ళయి జనగామ వైపు వెళ్ళిపోయింది.

"గడ్డ ఏడికెల్లి తీసినవ్, కనకయ్యా?" అంది.

"ఇప్పచెట్టు కాడికెల్లి, వదినె. నీడ ఉంటది. బాట గూడ దగ్గర."

బుచ్చమ్మ చేతిలో తెడ్డు ఆగింది. "ఇప్పచెట్టుకు తూర్పుకా, పడమటికా?"

"తూర్పుకు."

ఆమె కుండ అడుగున అంటిన గట్క గీకడంలో పడింది. చాలాసేపు గీకింది. ఆ కుండకు అంత గట్క అంటలేదు.

అప్పుడే తండా జైసింగ్ వచ్చి కొట్టం ముందు గొంతుక్కూర్చున్నాడు. సంగంలో తిరిగే మనిషి, కబుర్లు అటు ఇటు చేరవేస్తాడు. ఉగాదినాడు డప్పు కొట్టించి, దొర గుంజుకున్న తొమ్మిదెకరాల చెలక ఇక సింగారపోళ్ళదేనని చాటింది అతనే. అప్పటికే దొర గడికి తాళం వేసుకుని హనుమకొండ చేరాడు.

"ఏందే కనకన్నా, మళ్ళ మట్టి మోస్తున్నవా? సంగం ఇచ్చిన చెలకకు ఇంక ఎవన్ని అడుగుడు? దొర గుంజుకున్ననాడు ఎవన్నన్న అడిగిండా?"

"అడగలే," అన్నాడు కనకయ్య ముడి బిగిస్తూ. "అడగకుంట నేను గూడ పాతితే దొరకు నాకు ఏం ఫరక్ జైసింగూ? ఆయినకు గడి ఉండె, నాకు గుడిసె ఉంటది. గంతేగద."

జైసింగ్ నవ్వాడు. "సాంసన్ ఏసుమతంల కలిసిండు గద. ఆయిన గూడ మీ పాలోడేనా?"

"మా పోశాలు పెద్దబాపు గూడ మూడు దినాలు గదే ఆలోచన జేసిండు. ఆఖరుకు, దేవుణ్ణి మార్చిండు గని తాతను మార్చలే గద, పట్టాలె అన్నడు."

"సరే, నీ ఇష్టం. మానుకోట కాడ వాగు ఒడ్డుకు చౌకీ పెట్టిండ్రు. సంచులన్ని ఇప్పి సూస్తుండ్రు, జర పైలం."

"సూస్తే సూడనియ్. మట్టేగద."

బుచ్చమ్మ రొట్టెల మూట అందించింది. అందిస్తూ, మాట వరసకన్నట్టు అడిగింది. "ఇండ్లన్ని తిరిగినట్టేనా?"

"సాంసన్ ఒక్కడే మిగిలిండు, వదినె."

"ఊఁ," అంది బుచ్చమ్మ. కొట్టం గుంజకు వేలాడుతున్న చేద తీసుకుని బావికి వెళ్ళిపోయింది.

*

మానుకోట ఇవతల వాగు ఎండిపోయి ఉంది. రెండో రోజు మధ్యాహ్నం కనకయ్య ఇసుకలో కాళ్ళు కాలుతుంటే అవతలి ఒడ్డెక్కేసరికి, తాటాకు పందిరి కింద ఒక సర్కారు పోలీసు, ఇద్దరు రజాకార్లు కూర్చుని ఉన్నారు. పోలీసు వేలితోనే రమ్మన్నాడు.

రొట్టెల మూట విప్పారు. మిగిలిన రెండు రొట్టెల్లో ఒకటి అక్కడే పోయింది. తర్వాత రెండో మూట విప్పారు.

"క్యా హై రే యే?"

"మట్టి, దొరా."

"కిస్‌కీ మట్టి?"

కనకయ్యకు ఆ మాత్రం తురకం వచ్చు. ఎవరి మట్టి అని అడిగితే ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. "మాది, దొరా. మా పెద్దబాపు పట్టిండు, మా టేకుమట్ల సారన్న పట్టిండు, ఇగ మా బయ్యారం అన్న పట్టాలె. ఆయిన పడితే నేను గుడిసె ఏసుకుంట."

పోలీసు మిగతా ఇద్దరి ముఖాలు చూశాడు. ఒకడు కణత దగ్గర వేలు తిప్పాడు, పిచ్చోడన్నట్టు. ఇంకొకడికి మాత్రం అనుమానం తీరలేదు. సంగపోళ్ళు చీటీలు ఎక్కడెక్కడో దాచి పంపుతున్నారని పైనుంచి హుకుం ఉంది. గడ్డను నేల మీద పెట్టి తుపాకీ మడమతో ఒక్క పోటు పొడిచాడు. గడ్డ నాలుగు ముక్కలైంది. మళ్ళీ పొడిచాడు. పిండి పిండి అయింది. బూటుతో అటు ఇటు జరిపి చూశాడు. చీటీ లేదు, ఏమీ లేదు. ఒక గడ్డివేరు, చచ్చిన చీమ ఉన్నాయి.

"జావ్," అన్నాడు.

కనకయ్య వెళ్ళలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, చౌకీ ముందున్న ఎర్రమట్టి కలవకుండా, తన నల్లటి మట్టిని గోళ్ళతో ఏరి గుడ్డలోకి ఎత్తుకోవడం మొదలుపెట్టాడు. వాళ్ళు ముగ్గురూ నవ్వారు. కాసేపటికి నవ్వడం మానేశారు. ఒకడు మొహం తిప్పుకుని బీడీ ముట్టించాడు.

అర కోసు దూరం పోయాక చింతచెట్టు నీడలో ఆగాడు. దారి పక్కన గడ్డలకేం కరువు, తలకాయంత గడ్డలున్నాయి. ఒకటి తీసి గుడ్డలో కట్టుకుంటే సాంసన్‌కు ఎలా తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చిన మాట అబద్ధం కాదు. ఒకటి చేతిలోకి తీసుకుని బరువు కూడా చూశాడు. తర్వాత పక్కన పడేసి, తాగడానికి దాచుకున్న సొరబుర్రలోని నీళ్ళు వొంపి, పిండైన మట్టిని ముద్ద చేశాడు. ఆ నీళ్ళు మళ్ళీ ఊరు తగిలేదాకా సరిపోవాల్సినవి. నాలుక పిడచకట్టుకుపోయింది గానీ గడ్డ మాత్రం గుండ్రంగా వచ్చింది.

బయ్యారం మట్టి సంగతి పోశాలు ఎప్పుడూ చెబుతుంటాడు. అక్కడి నేలలో ఇనుము ఎంతుందంటే, నాడాలు కొట్టిన ఎద్దు నిలబడితే మళ్ళీ కదలదట, గడ్డపారలు పెట్టి లేపాలట. కనకయ్యకు అలాంటిదేమీ కనిపించలేదు. నేల మాత్రం తుప్పు రంగులో ఉంది. సాంసన్ మోకాళ్ళ దాకా అదే రంగులో, చేను గట్టున కంప నరుకుతూ కనిపించాడు.

తమ్ముణ్ణి చూసి కత్తి కింద పెట్టాడు. కడుపునిండా తాగడానికి నీళ్ళిచ్చాడు, అంబలి పోయించాడు. అన్నీ అయ్యాకే అడిగాడు.

"కాలబెట్టిండ్రని తెల్సింది. ఇప్పుడు ఏడ ఉంటున్నరు?"

"బుచ్చమ్మ వదినె కొట్టంల. తిండి గూడ ఆమెదే, అన్నా. ఆమె లేకుంటే రాములమ్మ బాలెంతరాలుగ సచ్చిపోయేది."

"గుడిసెకు ఆమె ఏమన్నది?"

"దేనికి?"

సాంసన్ తమ్ముడి ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయి, "ఏం లే," అన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి గడ్డను రెండు చేతులా పట్టుకున్నాడు. కళ్ళకద్దుకునేటప్పుడు పెదాలు కదిలాయి. కొత్త దేవుడికి చెప్పాడో పాత తాతకు చెప్పాడో కనకయ్యకు తెలియలేదు. అడగడం బాగుండదని అడగలేదు.

*

కనకయ్య తిరిగొచ్చిన మర్నాడే నిట్టాడు లేపాలని పోశాలు ముహూర్తం పెట్టాడు. మిరుగం ఇంకో వారం ఉందనగా, పొద్దు పొడిచే వేళకు అందరూ ఇప్పచెట్టు కిందికి చేరారు. మద్దికర్ర నిట్టాడు చెక్కి, నూనె రాసి సిద్ధంగా ఉంది. తాటికమ్మలు ఒక పక్క కుప్పగా ఉన్నాయి. గోడల కోసం బుచ్చమ్మ మట్టి నానబెట్టి, ఊక కలిపి, చీర మోకాళ్ళ పైకి చెక్కుకుని తొక్కుతోంది. ఒక కాలు తీసి ఒక కాలు వేస్తూ, తొందర లేకుండా, మట్టిలో పెళ్ళలు ఎక్కడున్నాయో కాళ్ళకే తెలిసినట్టు. రాములమ్మ బిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన జోలెలో వేసి, కుండతో నీళ్ళు పోస్తోంది.

కనకయ్య గుంత తవ్వుతున్నాడు. గడ్డపార వేస్తే చాలు, జానెడు దిగుతోంది. మోకాటి లోతు పడ్డా ఒక్క రాయి తగల్లేదు. మన్ను నల్లగా, పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచేట్టు వస్తోంది.

"సూసినవా," అన్నాడు పోశాలు చేతికర్ర మీద రెండు చేతులు ఆనించి. "తాతల దీవెన గట్లుంటది. మా నాయిన నిట్టాడు పాతిననాడు గడ్డపార ఏసుడు ఏసుడే జారి లోపటికి పోయింది. మళ్ళ కనబడలే. మూడేండ్లకు కాజీపేటల ఎవలదో బాయిల తేలింది."

"గడ్డపార తేలుతదా, పెద్దబాపూ?"

"మంచి గడ్డపార అయితే తేలుతది."

రాములమ్మ నవ్వు ఆపుకుంది. చాలా రోజులకు కనకయ్యకూ నవ్వొచ్చింది. గుంతలోంచి పైకొచ్చి గుడ్డ విప్పాడు. పోశాలు గడ్డ, సారయ్య గడ్డ, చౌకీ దగ్గర చితికి మళ్ళీ ముద్దయిన సాంసన్ గడ్డ, తన గడ్డ. పోశాలు ఒక్కొక్కటే పేరు చెప్పి గుంతలో వేయించాడు. తర్వాత రొంటిన దోపుకున్నది తీశాడు. కోడిగుడ్డంత పలుగురాయి. తెల్లగా కడిగి ఉంది.

"ఇది మల్లయ్య ఇంటిది," అని తనే వంగి గుంతలోకి జారవిడిచాడు.

బురదలో కాళ్ళ చప్పుడు ఆగింది.

"మామా, ఆ రాయి ఎవలకు?" అంది బుచ్చమ్మ.

"మల్లనికి, కోడలా. ఇల్లు మూసుకపోతే రాయేగద. మన పద్ధతి నీకు తెల్వదా?"

"ఆ ఇంట్ల నేను ఉంటున్న గద."

"ఉంటవ్. లేదని ఎవలన్నరు? గడ్డ పట్టేది ఇంటి పెద్ద. ఆ పెద్ద లేకపాయె, కొడుకు లేకపాయె." పోశాలు గొంతులో కోపం లేదు. ఎండ ఎక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. తర్వాత ఇంకో మాట కూడా కలిపాడు. "అయినా మనమంత తొక్కమని ఒట్టు పెట్టుకున్న చెలకల నువ్వు గడి కూలికి పోయి పదిహేనేండ్లు తొక్కితివి. అది గూడ ఉన్నది గద."

బుచ్చమ్మ మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. రెండు అడుగులు వేసి మళ్ళీ ఆగిపోయింది.

కనకయ్య నిట్టాడు మొదలు పట్టుకుని ఎత్తడానికి వంగాడు. అలా వంగినవాడికి గుంతలో నల్లమట్టి మీద ఆ తెల్లరాయి కనిపించింది, ఆ పక్కనే, మనిషి ఎత్తు దూరంలో, బురదలో దిగిన ఆమె పిక్కలు కనిపించాయి. టేకుమట్లకు ఆరు రోజులు. బయ్యారానికి ఆరు రోజులు. కొట్టం నుంచి బుచ్చమ్మ గడపకు పదకొండు అడుగులు. రోజూ చెంబు పట్టుకుని నీళ్ళకు పోయేది ఆ పదకొండు అడుగులే. ఇండ్లన్ని తిరిగినట్టేనా అని ఆమె అడిగింది కూడా. సాంసన్ అడగబోయి ఊరుకున్నది ఏమిటో ఇప్పుడు తెలిసింది. అడగకుంట పాతితే దొరకు నాకు ఏం ఫరక్ అని జైసింగ్‌తో తను అన్న మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆ మాట అన్నప్పుడు ఆమె అక్కడే ఉంది, కుండ గీకుతూ.

నిట్టాడు వదిలేసి గుంతలోకి దిగాడు. రాయి తీసి గట్టు మీద పెట్టాడు. తవ్విపోసిన కుప్పలోంచి ఒక గడ్డ తీసుకుని బురద అంచుకు వెళ్ళాడు.

"వదినె, పట్టు," అన్నాడు.

పోశాలు ఏదో అన్నాడు. కనకయ్య వినలేదు.

బుచ్చమ్మ బురదలోంచి బయటికొచ్చింది. రాములమ్మ దగ్గర కుండ తీసుకుని ముందు కాళ్ళు కడుక్కుంది. తర్వాత చేతులు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మోచేతుల దాకా, పూజకు కూర్చునే మనిషిలా నిదానంగా కడుక్కుంది. చీరకొంగుకు తుడుచుకుంది. కనకయ్య చాచిన గడ్డ ముందుకొచ్చి నిలబడింది. పట్టుకుంటుందనే అందరూ అనుకున్నారు.

రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

జోలెలో బిడ్డ కదిలి ఒకసారి మూలిగింది. ఎవరూ అటు చూడలేదు.

"సూసినవా," అన్నాడు పోశాలు. "గిందుకే ఆడోళ్ళను అడగద్దన్నరు."

కనకయ్య గడ్డను ఇంకా చాచే ఉంచాడు. "కొట్టంల ఉండనిచ్చినవ్, బువ్వ పెట్టినవ్. ఇప్పుడు నా గుడిసె వద్దంటవా, వదినె? వానకు ఈ పసిదాన్ని ఏడ పెట్టాలె?"

"గుడిసె వద్దంటలేను. ఈడ వద్దంటున్న." ఆమె చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. "గడ్డపార ఎట్ల దిగిందో సూసినవ్ గద. ఊకెనే దిగిందనుకున్నవా? తొమ్మిదెకరాలల్ల మన్ను ఉన్నది ఈ ఒక్క ఎకరమే. మిగిలిందంత గులకరాళ్ళ మొరం. ఇది గూడ మొరమే ఉండె. మీ అన్న, నేను మూడు ఎండకాలాలు రాళ్ళేరినం. అగో, ఆ కట్ట సూడు."

చెలక ఉత్తరపు అంచున నడుమెత్తు రాళ్ళ కట్ట ఉంది. అది తాతలనాటిదని కనకయ్య అనుకునేవాడు. పోశాలైతే దాన్ని పాండవులు కట్టారని చెప్పేవాడు.

"అండ్ల ప్రతి రాయి నా నెత్తి మీదికెల్లి దిగిందే. నెత్తిన చుట్టకుదురు అరిగిపోయి ఎంటికలు ఊడినయ్. చెరువు మట్టి తెచ్చి పోసినం. మీ అన్న బండి లేక కావడిల మోసిండు. అయిపోయినంక దొర గుంజుకున్నడు. మీరంత తొక్కమని ఒట్టు పెట్టుకున్నరు, పెట్టుకోండ్రి. నేను పెట్టుకోలే. కూలికి పిలిస్తే వచ్చిన. పదిహేనేండ్లు కలుపు తీసిన, గరిక తవ్విన. దొర కోసం తీసినా? గరిక పడితే మన్ను పోతది, మళ్ళ రాదు. ఎన్నటికన్న మనకొస్తది గద అని తీసిన." తలతో ఇప్పచెట్టును చూపింది. "మీరు నీడ సూసి తీసిండ్రు గడ్డ. గుడిసె మొరంల గూడ నిలబడ్తది. జొన్న నిలబడదు."

ఇప్పచెట్టు మీద ఎండుటాకు ఒకటి ఊడి, ఎక్కడ పడాలో తేల్చుకోలేనట్టు చాలాసేపు తిరిగి, గుంతలో పడింది.

పోశాలే ముందు తేరుకున్నాడు. "మంచిగనే చెప్తున్నవ్ కోడలా. గని నిట్టాడు జాగ మారితే ఈ గడ్డలు పనికిరావు. కొత్త జాగ గడ్డ మళ్ళ నడవాలె. టేకుమట్ల ఒక దిక్కు, బయ్యారం ఒక దిక్కు. పన్నెండు దినాలు. మిరుగం వారంల పడతది." కనకయ్య వైపు తిరిగాడు. "రాయి ఏసి కర్ర లేపు బిడ్డా. గుంత అయింది, గడ్డలు వచ్చినయ్. ఆమెకు నేను సర్ది చెప్త. పసిదాని మొకం సూడు."

కనకయ్య గుంత అంచున కూర్చున్నాడు. పసిదాని ముఖం చూశాడు. గుంతలో ఉన్న నాలుగు గడ్డల్లో సాంసన్ గడ్డ వేరుగా కనిపిస్తోంది. చేత్తో చేసింది కాబట్టి దాని మీద తన వేళ్ళ అచ్చులున్నాయి. పిడికెడు మన్ను తీసి చేతిలో నలిపాడు. రాయి లేదు, గరిక వేరు లేదు. ఇంత మెత్తటి మన్ను తన దగ్గరికి ఎలా వచ్చిందని పొద్దుటినుంచి ఒక్కసారి కూడా అనుకోలేదు.

లేచి పార తీసుకున్నాడు. తవ్విపోసిన మట్టిని మళ్ళీ గుంతలోకి తోయడం మొదలుపెట్టాడు. నాలుగు గడ్డలూ కింద కప్పుకుపోయాయి.

రాములమ్మ కాసేపు మొగుడి పార వైపే చూస్తూ నిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనో దేనితోనో చెప్పలేం. తర్వాత బుచ్చమ్మ వైపు తిరిగింది.

"రొట్టెలకు పిండి ఉన్నదా, అక్కా?"

"ఉన్నది."

"పన్నెండు దినాలకు?"

"సాలకుంటే ఇసుర్త. కనకయ్య వచ్చేదాక కొట్టం ఇడిసి మీరిద్దరు నా ఇంట్లకు జరుగుండ్రి. మీద కప్పు మంచిగున్నది."

*

రాళ్ళ కట్ట పక్కన మొరం నేల ఎండకు తెల్లగా మెరుస్తోంది. బుచ్చమ్మ నాలుగు వైపులా నడిచి చూసి, ఒక చోట మడమతో గీత గీసింది. "ఈడ. వాననీళ్ళు నిలవయ్. గాలికి కట్ట అడ్డం ఉంటది."

కనకయ్య గడ్డపార వేస్తే ఖంగుమని చేతులు అదిరాయి. పది పోట్లు వేశాక పిడికెడు గులక లేచింది. దాన్ని గడ్డ అంటే గడ్డలు నవ్వుతాయి. వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. బుచ్చమ్మ కుండలో అడుగున మిగిలిన నీళ్ళు దాని మీద చల్లి, కూర్చుని పిసికింది. గులకలు ఒక్కొక్కటే మట్టిలోకి అదుముతూ, రొట్టె పిండి చేసినట్టు మణికట్టుతో నొక్కుతూ, చివరికి నిలిచేలా చేసింది. అలాంటివే ఇంకా నాలుగు చేసి రాళ్ళ కట్ట మీద వరసగా ఆరబెట్టింది.

అవి ఆరేదాకా అందరూ అక్కడే కూర్చున్నారు. పోశాలు ఒక్కడే కొంచెం దూరంగా, అటు తిరిగి కూర్చున్నాడు. ఆ గంటసేపట్లో అతను ఒక్క కథ కూడా చెప్పలేదు. ఆ ఊళ్ళో అలాంటి గంట అంతకుముందు ఎవరూ ఎరగరు.

కనకయ్య మొదటి గడ్డ తీసుకుని బుచ్చమ్మ ముందు నిలబడ్డాడు. ఈసారి అడగలేదు, చేతులు చాచాడంతే. ఆమె రెండు చేతులా పట్టుకుంది. కళ్ళకద్దుకుని, కాసేపు కళ్ళ మీదే ఉంచుకుంది. తీసేటప్పటికి నుదుటి మీద కొంచెం మొరం అంటింది. తుడుచుకోలేదు.

రెండో గడ్డ పోశాలు ముందుకు తీసుకెళ్ళాడు. పోశాలు లేచి నిలబడ్డాడు. అతని చేతులు చేతికర్ర మీదే ఉన్నాయి. వెనక్కి పోలేదు, ముందుకు రాలేదు. చెలక వైపు, ఇప్పచెట్టు వైపు, పూడ్చిన గుంత వైపు చూశాడు. తర్వాత రాళ్ళ కట్ట వైపు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, రాళ్ళు లెక్కబెడుతున్నట్టు చూశాడు.

"కోడలా," అన్నాడు. "ఈ కట్టె జర పట్టు."

బుచ్చమ్మ వచ్చి చేతికర్ర అందుకుంది. అది లేకుండా నిలబడి ఎన్నాళ్ళయిందో, ముసలాయన కాళ్ళు ఎడంగా పెట్టుకున్నాడు. రెండు చేతులా గడ్డ పట్టుకుని, తూలకుండా నిలదొక్కుకుని, కళ్ళకద్దుకున్నాడు.

"ఇది గడ్డనా, గులకరాళ్ళ సంచా," అని గొణుగుతూ తిరిగిచ్చాడు. "కండ్లు గీసుకపోయినయ్."

కనకయ్య ఇంటికి పోలేదు. రాములమ్మ పోయి రొట్టెలు తెచ్చేసరికి, సాంసన్ కోసం చేసిన కొత్త గడ్డను గుడ్డలో చుట్టుకుని, గొంగడి భుజాన వేసుకుని తయారుగా ఉన్నాడు. ముందు బయ్యారం, తర్వాత టేకుమట్ల. కోటగుట్ట దాటేసరికి దక్షిణాన మబ్బు కమ్మింది. మిరుగానికి ఇంకా వారం ఉండగానే గాలి చల్లబడి, పెద్ద పెద్ద చినుకులు దూరం దూరంగా దుమ్ములో పడ్డాయి. పిసికి చేసిన గడ్డ, తడిస్తే మళ్ళీ గులకే. గొంగడి తీసి మూటకు రెండు మడతలు చుట్టి పొట్టకు కరిపించుకున్నాడు. వీపు మీద వాన మొదలైంది.

వాగు దగ్గర చౌకీ ఉంటుంది. మళ్ళీ ఎవరి మట్టి అని అడుగుతారు. మళ్ళీ పొడిచినా పొడుస్తారు. నడుస్తూనే కనకయ్య చెప్పాల్సింది ఒకసారి పైకే అనుకుని చూశాడు.

"మాది, దొరా. మా బుచ్చమ్మ వదినె పట్టింది. తర్వాత మా పెద్దబాపు పట్టిండు."

వరస సరిగ్గానే కుదిరిందనిపించింది. మూటను ఇంకొంచెం గట్టిగా అదుముకుని అడుగు పెంచాడు.